టోక్యో రైలు పద్యానికి టీకా తాత్పర్యం

కార్డు మోపి పిదప కదలుము లోనికి
దాని మరల మోపి దాటు వెలికి
ఎడమ నిలువు మెట్ల నేమర కెన్నడు
ద్వారసంఖ్య తెలిసి తరలు మయ్య

అవతారిక: టోక్యోలో కొత్తగా దిగిన యాత్రికుడు స్టేషన్ గోడమీది పటం ముందు కొయ్యబారి నిలబడతాడు. జేఆర్ ఈస్ట్ బళ్లు వేరు, టోక్యో మెట్రోవారి తొమ్మిది లైన్లు వేరు, నగర ప్రభుత్వం నడిపే తోయెయ్ సబ్‌వే నాలుగు లైన్లు వేరు. ఇవి చాలవన్నట్టు ప్రైవేటు రైల్వేలు మరికొన్ని. అట్టి దీనుణ్ణి ఉద్ధరింపగోరి కవి ఈ ఆటవెలది చెప్పాడు.

ప్రతిపదార్థం: కార్డు = ముందే సొమ్ము నింపుకునే ఛార్జీ కార్డు, సుయికా గాని పాస్మో గాని; మోపి = గేటుమీద వెలిగే పలకకు ఆనించి; పిదప = ఆ పిమ్మటనే, ముందు కాదు; లోనికి కదలుము = ప్లాట్‌ఫారానికి నడువుము; దానిన్ = ఆ కార్డునే; మరల మోపి = దిగినచోట ఇంకొకసారి ఆనించి; వెలికి దాటు = బయటపడుము; మెట్లన్ = ఎస్కలేటరు మీద; ఎన్నడున్ ఏమరక = ఏనాడూ పరాకు లేక; ఎడమ నిలువు = ఎడమపక్కన నిలబడుము; ద్వారసంఖ్య = బయటికి పోయే దారి నంబరు; తెలిసి = ముందే కనుక్కుని; తరలుము అయ్య = బయలుదేరవయ్యా.

తాత్పర్యం: కార్డు, ఎస్కలేటరు, దారి నంబరు అనే మూడింటిని తెలిసినవాడు జపనీస్ ఒక్క ముక్క రాకున్నా ఊరంతా తిరగగలడు.

విశేషాలు: కార్డును రెండుసార్లు మోపడం పునరుక్తి దోషం కదా అని కొందరు ఆక్షేపిస్తారు. కాదు. ఇక్కడ ఛార్జీ దూరాన్నిబట్టి. ఎక్కిన స్టేషను కార్డులోని చిప్‌లో నమోదవుతుంది, దిగిన స్టేషనులో గేటు లెక్క తేల్చి సొమ్ము కోసుకుంటుంది. హైదరాబాద్ మెట్రో ఎక్కినవారికి ఇది అలవాటైన పనే. నిలవ చాలకపోతే గేటు రెక్కలు మూసుకుంటాయి, వెనకవాళ్లు ఆగిపోతారు. అయినా కంగారు అక్కర్లేదు. గేటుకు ఇవతలే తక్కువపడ్డ సొమ్ము కట్టించుకునే యంత్రం ఉంటుంది. దానికి కార్డు అందించి, నోటు పెట్టి, తల ఎత్తుకుని బయటికి రావచ్చు. జేఆర్ ఈస్ట్ సుయికాను 2001లో తెచ్చింది. పాస్మో 2007లో వచ్చింది. 2013 నుంచి దేశంలోని పది ప్రధాన కార్డులు ఒకదాని బదులు ఒకటి చెల్లుతున్నాయి గనుక కంపెనీల గొడవ యాత్రికుడికి చాలావరకు తప్పింది.

అపవాదం: నగరంలో తిరిగే తోయెయ్ బస్సులకు ఈ సూత్రం వర్తించదు. అక్కడ దూరమెంతైనా ఒకటే ఛార్జీ. ముందు తలుపున ఎక్కుతూ ఒక్కసారి మోపితే చాలు, మధ్య తలుపున ఊరికే దిగిపోవచ్చు.

పాఠాంతరం: మూడో పాదంలో ‘ఎడమ’కు బదులు ‘కుడిని’ అని ఒసాకా ప్రతిలో కనిపిస్తుంది. ఛందస్సుకు గణం సరిపోయినా యతి చెడుతుంది. ఒసాకావారు మాత్రం యతి చెడినా కుడివైపే నిలబడతారు. ఎడమ నిలిచేది కుడిపక్కన నడిచేవాళ్లకు దారి ఇవ్వడానికని ప్రాచీన వ్యాఖ్య. నవీనులు దీన్ని ఖండించారు. ఎస్కలేటరు మీద నడవనే కూడదని సైతామా రాష్ట్రం 2021 అక్టోబరులో, నగోయా నగరం 2023 అక్టోబరులో నిబంధనలు అమల్లోకి తెచ్చాయి. కవి ‘నడువు’ అనక ‘నిలువు’ అన్నాడు గనుక ఇరుపక్షాలకూ ఆమోదయోగ్యుడు.

నాలుగో పాదమే ఈ పద్యానికి ప్రాణం. షింజుకు స్టేషనుకు బయటికి పోయే దారులు రెండువందలకు పైనే. ఒకటి తప్పితే చేరవలసిన హోటలు పట్టాలకు అవతల ఉంటుంది, చుట్టుతిరిగి రావడానికి పావుగంట పడుతుంది. షిబుయాలో చిక్కు నిలువునా ఉంటుంది. అది లోయలో కట్టిన స్టేషను. ఆసియాలో తొలి సబ్‌వేగా 1927లో మొదలైన గింజా లైను అక్కడ నేలకింద కాదు, మూడో అంతస్తులో ఆగుతుంది. ఫుకుతోషిన్ లైను నేలకింద అయిదో అంతస్తులో. కనుక ‘షిబుయాలో కలుద్దాం’ అనడం ‘కృష్ణా జిల్లాలో కలుద్దాం’ అన్నట్టే. స్టేషను పేరుతో పాటు దారి నంబరు కూడా చెప్పించుకోవాలి. పసుపు పలకలమీద ఏ3, బీ5 అని రాసి ఉంటుంది, చదవలేకపోవడమన్నది లేదు. స్టేషన్లకూ ఇలాగే గుర్తులున్నాయి: గింజా స్టేషను గింజా లైనులో జీ09.

పూర్వపక్షం: తప్పు దిక్కు బండి ఎక్కితే గతేమిటి? సమాధానం: యమనోతె లైను అయితే గతి ఉంది. అది 34.5 కిలోమీటర్ల వలయం, 30 స్టేషన్లు, చుట్టు పూర్తికావడానికి గంటకు అటూఇటూ. ఎటు ఎక్కినా చేరతాం, కాస్త ఆలస్యం అంతే. మిగతా లైన్లలో దిగి ఎదుటి ప్లాట్‌ఫారానికి పోవలసిందే.

అనుక్తం: కవి చెప్పక విడిచినది ఆఖరి బండి. రాత్రి ఒంటిగంట ప్రాంతానికి రైళ్లు ఆగిపోతాయి, మళ్లీ తెల్లవారుజామునే. నడుమ దొరికేది టాక్సీ, దాని ఛార్జీ రాత్రిపూట ఇంకా ఎక్కువ.

ఫలశ్రుతి: ఈ పద్యం పఠించినవారు తిరుగుప్రయాణానికి ముందు సుయికాను జేఆర్ ఈస్ట్ కౌంటర్లో అప్పగిస్తే 500 యెన్ల డిపాజిట్ చేతికొస్తుంది. మిగిలిన నిలవలోంచి 220 యెన్లు రుసుము కింద తీసుకుంటారు. కాబట్టి ఆ నిలవను ముందే కన్వీనియన్స్ స్టోరులో ఖర్చుపెట్టి ఖాళీ కార్డు ఇవ్వండి. పర్యాటకులకిచ్చే 28 రోజుల వెల్‌కమ్ సుయికాకు డిపాజిట్ లేదు, వాపసూ లేదు.