సీసాతో పట్టి, త్రాసులో తూచి

మా రోజుల్లో గోదావరి ఎంత ఒండ్రు మోస్తోందో చెప్పాలంటే ముందు పడవెక్కాలి. ఎర్రనీరు తగిలాక నదికి అడ్డంగా గుర్తులు పెట్టుకున్న వరుసలో ఒక్కోచోట పడవ నిలిపి, లోతులో పదింట ఆరు వంతుల దాకా సీసా దించి, బిరడా లాగి నీళ్లు పట్టేవాళ్లం. పంజాబ్ సీసా అనేవాళ్లం దాన్ని. వేగానికి గిన్నెలు తిరిగే కరెంట్ మీటరు. ఆ ఉధృతిలో పడవను కదలకుండా నిలపడం సరంగు పనితనం. కొట్టుకొచ్చే మానుల మీద కళాసీ కన్నేసి ఉంచేవాడు.

ఒడ్డుకొచ్చాక అసలు పని మొదలయ్యేది. 0.2 మిల్లీమీటర్లకు పైబడిన ముతక ఇసుక జల్లెడలో నిలిచేది. 0.075 దాకా ఉండే నడిమి రకాన్ని తేర్చి తీసేవాళ్లం. అంతకన్నా సన్నటి బురదను కాగితం మీద వడగట్టి, ఆరబెట్టి, తూచి, లీటరుకు ఇన్ని గ్రాములని రాసేవాళ్లం. దాన్ని ప్రవాహంతో హెచ్చిస్తే ఆ రోజు లెక్క. అడుగున దొర్లిపోయే ఇసుక ఇందులోకి రాదు. దానికి మేమూ అంచనాయే వేశాం, ఇప్పటివాళ్లూ అంచనాయే వేస్తున్నారు.

ఇప్పుడు పడవకు కట్టిన యంత్రం నీళ్లలోకి ధ్వని పంపి, ఒక్క దాటులో ప్రవాహమంతా తెర మీద చూపిస్తోంది. వేగం కొలవడంలో మా గిన్నెల మీటరు దానికి సాటిరాదు, ఒప్పుకుంటాను. ఒండ్రు దగ్గరే నా పేచీ. తిరిగొచ్చిన ధ్వనిని బట్టి ఒండ్రు లెక్క కట్టాలంటే, అక్కడే అప్పుడే పట్టిన నీళ్లను తూచి సరిచూసుకోవాలి. సన్న బురదకూ ఇసుకకూ ఆ ధ్వని ఒకేలా తిరిగిరాదు. మడ్డి చూసే సెన్సరైనా, ఉపగ్రహ చిత్రమైనా ఇంతే. సరిగ్గా ఆ సీసా పనినే ఇప్పటివాళ్లు ఎగ్గొడుతున్నారు.

ఈమధ్య ఒక ఆఫీసులో కుర్ర ఇంజినీరు గ్రాఫు చూపించాడు. ఇన్ని లక్షల క్యూసెక్కులకు ఇన్ని టన్నులట. ఎప్పటి కొలతలు బాబూ అంటే డెబ్బైల నాటివన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆనాటి గోదావరి ఇప్పుడెక్కడుంది? 1970లలో సగటున ఏడాదికి 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసిన నది, 1990లకు 6 కోట్ల లోపుకు పడిపోయింది. మిగతాది పైన డ్యాముల్లో కూర్చుంటోంది. 112 టీఎంసీల శ్రీరాంసాగర్ 1994 సర్వేకే 90కి దిగింది. కృష్ణ మీద నాగార్జునసాగర్ 408 నుంచి 312కు, శ్రీశైలం 308 నుంచి 215కు తగ్గాయి. దిగువన ర్యాంపుల్లో యంత్రాలు ఇసుక తోడేస్తుంటే నది అడుగే దిగిపోతుంది. అప్పుడు గేజి చూసి ప్రవాహం చెప్పే పాత పట్టికా పనికిరాదు. 1976 నుంచి 2000 దాకా గోదావరి డెల్టా అంచున 1,800 హెక్టార్లకు పైగా నేల సముద్రం పాలైంది. ఇంత జరిగాక పాత గీత మీద కొత్త అంకె చదవడం లెక్క కాదు, తప్పు.

ఇంకో సంగతి. ఏడాది ఒండ్రులో పెద్ద వాటా కొద్ది వరద రోజుల్లోనే పోతుంది. అందులోనూ జూలై వరద వేరు, సెప్టెంబరు వరద వేరు. గేజి ఒకటే చూపినా, తొలి వరద నీళ్లు చిక్కగా ఉంటాయి, మలి వరదవి పలచబడతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. అలాంటి రోజున కొలత తప్పితే, మిగతా ఏడాదంతా ఎంత శ్రద్ధగా కొలిచినా ఆ లోటు పూడదు.

వరదలో పడవ దించొద్దంటారా, సరే, మనిషి ప్రాణం ముఖ్యం. వంతెన మీద నుంచి క్రేనుతో సీసా దించండి. ఎర్రనీరు వచ్చిన తొలిరోజు నుంచీ నీళ్లు పట్టండి, తూచండి, ఆ గ్రాఫును ఏటేటా తిరగరాయండి.