అడవి పిల్లి డేలు గారు

మా అమ్మ ఐడహో వచ్చిన మూడో రోజు నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "ఏరా, మీ ఆఫీసులో ఆ డేలు గారు అడవి పిల్లుల పని పడతాడటగా? పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని ఆయనకి ఎవరూ చెప్పలేదూ?"

తప్పు మా అమ్మాయిది. "డేల్ వైల్డ్‌క్యాట్లు చేస్తుంటాడు" అని నేను అన్నదాన్ని నాయనమ్మ కోసం శ్రద్ధగా తెలుగు చేసి పెట్టింది.

కంపెనీలు చేసి పెట్టెల్లో పెట్టి అమ్మని తూటాని ఇక్కడ వైల్డ్‌క్యాట్ అంటారు. కొట్లో దొరికే తూటా ఇత్తడి తొడుగునే తీసుకుని, మెడ నొక్కో, భుజం ఎత్తో, నడుము సాగదీసో, ఎవరి గ్యారేజీలో వాళ్ళు పుట్టించుకునే సంకరం అది. ఆ తూటా పట్టేలా రైఫిల్ని కూడా మార్చుకోవాలి. పిల్లులకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇదంతా విని అమ్మ, "దొరకనిది చేసుకున్నాడంటే అర్థముంది. దొరికేదాన్ని చెడగొట్టుకోవడం దేనికి?" అంది. మూడేళ్ళుగా డేల్ భార్య అడుగుతున్నదీ అదే.

డేల్‌కి అరవై ఒకటి. మా ఫ్యాక్టరీలో మెషీన్ షాపు ఆయన చేతిలో ఉంటుంది. చొక్కా జేబులో పెన్ను ఉండదు, వెర్నియర్ కాలిపర్స్ ఉంటుంది. క్యాంటీన్‌లో బిస్కెట్ ఇచ్చినా ముందు దాని మందం చూస్తాడు. బోయిసీలో నా మొదటి చలికాలం, కారు మంచులో కూరుకుపోతే రాత్రి పదింటికి వచ్చి లాగి, ఇంటికి తీసుకెళ్ళి సూప్ పెట్టించిన మనిషి. ఆ సూప్ తాగుతున్నప్పుడే రైఫిల్ కథ మొదలుపెట్టాడు. ఈ తొమ్మిదేళ్ళలో అది ఆగలేదు.

ఆ రైఫిల్ .223 రెమింగ్టన్. వార్మింట్ రైఫిల్ అంటారు, అంటే పంటల్ని పాడుచేసే చిన్న జంతువుల మీద దూరం నుంచి కాల్చేది. బరువైన బ్యారెల్, చిన్న తూటా. వంద గజాల దూరంలో ఐదు గుళ్ళు పేలిస్తే ఐదూ కలిసి చొక్కా గుండీ కింద దాక్కునేవి. ఆ చిల్లు కాగితం ఇప్పటికీ ఆయన పర్సులో ఉంది. మనవడి ఫోటో దాని వెనకాల ఉంటుంది. అలాంటి రైఫిల్ని ఒక సోమవారం పొద్దున్న "మార్చేస్తున్నాను" అన్నాడు. ఏమొచ్చింది దానికి అని అడిగాను. "ఏమీ రాలేదు. ఇంక చెయ్యడానికేమీ మిగల్లేదు" అన్నాడు. చెట్టంత కొడుకు చేతికొచ్చాడని ఏడ్చే తండ్రిని అప్పుడే చూశాను.

ఈ తూటాల పేర్లు వింటే మతి పోతుంది. .218 బీ, .219 జిప్పర్, .220 స్విఫ్ట్, .221 ఫైర్‌బాల్, .222, .223, .225. అన్నిట్లోనూ కూర్చునే బుల్లెట్ మాత్రం ఒక్కటే, 0.224 అంగుళాలది. ఇంటిపేర్లు వేరు, గోత్రం ఒకటే. డేల్ సగోత్రం వదిలి బయట సంబంధం చూశాడు: 0.204. అంటే .223 తొడుగు మెడని అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు సన్నం చెయ్యాలి. మన లెక్కలో అర మిల్లీమీటరు. ఆ తూటాని 20 ప్రాక్టికల్ అంటారు. డై అనే అచ్చులోకి తొడుగుని ఒక్కసారి దూరిస్తే మెడ సన్నబడిపోతుంది గనక ఆ పేరు. అర మిల్లీమీటరు కోసం దాదాపు రెండేళ్ళు పట్టింది గనక ఆ పేరు నాకు గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది.

అదే 0.204 బుల్లెట్‌తో .204 రూగర్ అనే తూటా 2004 నుంచీ కొట్లో దొరుకుతోంది. వేగంలో దీనికీ దానికీ పెద్ద తేడా లేదు. రైఫిలూ దొరుకుతుంది, తూటాల పెట్టే దొరుకుతుంది. ఆ మాట నోరు జారి అన్నాను. "ఆవకాయ సీసాల్లో అమ్ముతున్నారుగా, ఇంత శ్రమెందుకు?" అంటే మా అమ్మ ఎలా చూస్తుందో అలా చూశాడు.

ఇక పని. తొడుగు అడుగుభాగం మారదు గనక దాన్ని వెనక నుంచి పట్టి మూసే బోల్ట్ జోలికి వెళ్ళక్కర్లేదు, బ్యారెల్ ఒక్కటే మారుతుంది. పాత బ్యారెల్ విప్పాలి. కొత్త గొట్టాన్ని లేత్ మీద పెట్టి మరలు కొయ్యాలి. రీమర్‌తో తూటా కూర్చునే చాంబర్ తొలవాలి. రీమర్ అద్దెకి దొరుకుతుంది, డేల్ కొన్నాడు. ఇంతింత తొలవడం, బయటికి తియ్యడం, పొట్టు తుడవడం, నూనె వెయ్యడం, మళ్ళీ తొలవడం. చివర్లో రెండు ఇనప బిళ్ళలు పెట్టి చూస్తారు. ఒకటి గో, ఇంకొకటి నో-గో. మొదటిది పెడితే బోల్ట్ మూసుకోవాలి, రెండోది పెడితే మూసుకోకూడదు. అది మూసుకోని రోజున డేల్ మా విభాగం మొత్తానికి డోనట్లు తెచ్చాడు. జరక్కపోయిన పనికి విందు చేసుకున్న మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

ఈలోగా, ఈ రైఫిల్ గురిపెట్టాల్సిన ఉడతల సంగతి. బోయిసీకి దక్షిణాన సేజ్ పొదల్లోనూ, అల్ఫాల్ఫా గడ్డి పొలాల్లోనూ బొరియల్లో ఉండే నేల ఉడతలవి. చలి ఇంకా విరగకుండానే బయటికొస్తాయి, జూలై వచ్చేసరికి మళ్ళీ నేలలోకి పోతాయి. ఏడాదిలో సగానికి పైగా నిద్రే. కుంభకర్ణుడి సంతతి. అవి పడుకున్నన్నాళ్ళూ డేల్ మేలుకుని ఉంటాడు, అవి లేచేసరికి డేల్ రైఫిల్ ముక్కలుగా బల్ల మీద ఉంటుంది. మొదటి ఏడాది బ్యారెల్ జూన్ చివర్లో వచ్చింది. రెండో ఏడాది డైల కోసం ఆగాల్సొచ్చింది. అల్ఫాల్ఫా రైతు పాపం ఏటా ఫోన్ చేసి "ఈసారి వస్తున్నావా?" అంటాడు. ఈలోపు ఆయన పదిహేనేళ్ళ మనవరాలు చవకరకం .22తో పొలం చూసుకుంటోంది. అవతల స్నేక్ నది కొండ అంచుల్లో గూళ్ళు కట్టుకునే ప్రెయిరీ ఫాల్కన్లు ఈ ఉడతలతోనే పిల్లల్ని పెంచుకుంటాయి. వాటికి రీమర్ అక్కర్లేదు.

మూడో ఏడాది మార్చిలో, ఆశ్చర్యం, రైఫిల్ సిద్ధమైంది. నన్నూ తీసుకెళ్ళాడు. చలిలో నాలుగు గంటలు కూర్చున్నాను, చెవులకి మూతలు, కళ్ళకి అద్దాలు, ముక్కు నుంచి ధార. మొదటి ఐదు గుళ్ళలో నాలుగు ఒకే చిల్లులో పడ్డాయి. ఐదోది వేలెడు దూరంలో. "ఫ్లయర్" అన్నాడు. ఫ్లయర్ అంటే లెక్కలోకి రానిది. గాలి వీచిందనో, పక్కవాడు దగ్గాడనో (ఆ పక్కవాణ్ణి నేనే) కొట్టేస్తారు. తర్వాతి గుండు వేగం కొలిచే యంత్రానికే తగిలింది. ఆ రోజు తూటా వేగం తెలియలేదు గాని యంత్రం ఖరీదు తెలిసింది. ఇవి పక్కన పెడితే రైఫిల్ అద్భుతంగా పనిచేసింది. మొదటి రోజే, ఏ గొడవా లేకుండా. తిరుగు ప్రయాణంలో డేల్ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం దేనికో నాకు అర్థమైంది, భయం వేసింది.

సోమవారం వచ్చి ఆక్లీ పేరెత్తాడు.

పార్కర్ ఒట్టో ఆక్లీ (1903–1989) ఈ మతానికి మూలపురుషుడు. పక్క రాష్ట్రం యూటాలో, సాల్ట్ లేక్ సిటీలో ఉండేవాడు. తొడుగు భుజాన్ని నలభై డిగ్రీలకి నిటారుగా లేపి, పక్కల్ని నిలువుగా తీర్చి, లోపల మందుకి కాస్త చోటు పెంచడం ఆయన పద్ధతి. డేల్ ఆయన కథ చెబుతుంటే హరికథలా ఉంటుంది. అందులో పిట్టకథ ఒకటి నాకిష్టం. ఒక పత్రికాయన సెకనుకి ఐదు వేల అడుగులు దాటాలని కోరితే, ఆక్లీ ఏనుగుల్ని కొట్టే స్థాయి .378 వెదర్‌బీ తొడుగు తెచ్చి, దాని మూతిని .22కి నొక్కేశాడు. బిందెకి సిరా బుడ్డి మూతి అతికించినట్టు. ఉత్తుత్తి జర్మన్‌లో ఇయర్‌జెస్‌ప్లిటెన్ లౌడెన్‌బూమర్ అని పేరు కూడా పెట్టాడు. చెవులు చిల్లులు పడ్డాయి గాని ఐదు వేలు మాత్రం దాటలేదు. "దాటలేదుగా?" అంటాను ప్రతిసారీ. "అది కాదు విషయం" అంటాడు ప్రతిసారీ.

.22-250 అనే తూటా మీద మాత్రం డేల్‌కి కోపం. ముప్ఫై ఏళ్ళు గ్యారేజీల్లో పెరిగిన వైల్డ్‌క్యాట్ అది. 1965లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని సొంతం చేసుకుని పెట్టెల్లో అమ్మడం మొదలుపెట్టింది. మనూరి నాటకాల కుర్రాడు సినిమాల్లో చేరి పెద్దవాడైతే పాత హార్మోనిస్టు మాట్లాడే పద్ధతిలో మాట్లాడతాడు డేల్ దాని గురించి.

సరే, ఆక్లీ పద్ధతిలో భుజం లేపాలంటే తొడుగుని కొత్త చాంబర్లో పెట్టి ఒకసారి పేల్చాలి. ఆ ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి చాంబర్ ఆకారం తెచ్చుకుంటుంది. దీనికి బుల్లెట్ వృథా చెయ్యకుండా పాతకాలం నుంచీ ఒక కిటుకుంది: అడుగున కాస్త మందు, దాని మీద గోధుమ రవ్వ, మూతికి బిరడా. అవునండీ, రవ్వే. ఇక్కడి కొట్లలో క్రీమ్ ఆఫ్ వీట్ అని పొద్దుటిపూట జావ కాచుకునేందుకు అమ్ముతారే, అదే. ఇండియన్ కొట్టు దూరమైనప్పుడు మనవాళ్ళు ఉప్మాకి వాడేదీ అదే. ఒక ఆదివారం డేల్ దగ్గర అది అయిపోయింది. మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ బొంబాయి రవ్వ నాలుగు పౌండ్ల సంచీ ఇచ్చింది. అది తిరిగి రాలేదు. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఆ సంచీ. ఆ వారమంతా వాళ్ళ గ్యారేజీ నుంచి ఉప్మా అడుగంటిన వాసన వచ్చిందని వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పింది.

"రాత్రి పదకొండింటి దాకా గ్యారేజీలో మందు కొలుస్తూ కూర్చున్నాడట" అని నేను మా ఆవిడతో అంటుంటే అమ్మ విన్నది. "పోనీలే, కొలుచుకుంటాడుగా. మీ పెద్ద మామయ్య సీసా ఎత్తేసేవాడు" అంది. ఆ మందు వేరు అని నేను దిద్దలేదు. దిద్దితే తేడా ఎంతో చెప్పాలి.

ఆ కొలత గురించి ఒక మాట. మందుని గ్రెయిన్లలో తూస్తారు, పౌండుకి ఏడు వేల గ్రెయిన్లు. డేల్ ఒక్క గ్రెయిన్లో పదో వంతు దాకా చూస్తాడు. చిమటాతో ఒక్కో పలుకు వేస్తాడు, తీస్తాడు. మా ఊళ్ళో కంసాలి సూరయ్య గురివింద గింజలతో తూచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు, అదే భంగిమ. నేను దీన్ని చూసి మా ఆవిడ దగ్గర పగలబడి నవ్వాను. ఆవిడ ఏమీ అనకుండా వంటింటి సొరుగు తెరిచి నా నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "గురివింద గింజ" అని మాత్రం అంది. సామెత పూర్తి చెయ్యలేదు.

ఆ పుస్తకం ఇడ్లీ పిండిది. ఈ ఊరి చలికి పిండి పులవదు. పదకొండు నెలలుగా పరిశోధన. ఒకటికి రెండున్నరా, ఒకటికి రెండుంబావా. నానబెట్టిన నీళ్ళ వేడి. ఓవెన్ లైటు వేసి ఉంచిన గంటలు. పొంగిన ఎత్తు సెంటీమీటర్లలో. నలభై మూడు వాయిల వివరాలు. ఇరవై ఏడో వాయి దివ్యంగా వచ్చింది. ఆ మర్నాడే పప్పు రకం మార్చాను. ఎందుకు మార్చానని మా ఆవిడ అడిగిందట. నాకు గుర్తులేదు.

మొన్న ఆదివారం డేల్ వచ్చాడు. రవ్వ సంచీ లేదు, మూడు తొడుగులు తెచ్చాడు చూపించడానికి. నలభై డిగ్రీల భుజాలు, నిజం చెప్పాలంటే ముచ్చటగానే ఉన్నాయి. రైఫిల్ మళ్ళీ విప్పి ఉందట, ఉడతలు లేచి నెలైంది. అప్పుడే నా నలభై నాలుగో వాయి దిగింది. పదహారు ఇడ్లీలు. డేల్ నా నోటుపుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు, నా వంక చూశాడు, జేబులోంచి కాలిపర్స్ తీశాడు. నేను పెన్ను తీశాను. ఆయన కొలిచి చెబుతుంటే రాసుకున్నాను. పదిహేనింటికి మిల్లీమీటరు తేడా లేదు. పదహారోది నేలబారుగా అణిగిపోయి ఉంది.

"ఫ్లయర్" అన్నాడు డేల్.

"ఫ్లయరే" అన్నాను నేను, అంకె కొట్టేస్తూ. పై పళ్ళెంలో అంచు నుంచి ఆవిరి పోయింది, నాకు తెలుసు.

"ఏమిటంటున్నాడు?" అంది అమ్మ.

"ఆ ఇడ్లీ లెక్కలోకి రాదంటున్నాడమ్మా."

అమ్మ దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని పళ్ళెంలో పెట్టి, మీద కారప్పొడి చల్లి, నెయ్యి పోసింది. "లెక్కలోకి రాకపోతే ముందు అదే తినమను. వేడి చల్లారుతోంది."