కిటికీ హ్యాండిల్ మార్పిడి: గోటి పనిని గొడ్డలి దాకా తెచ్చే విధానం

కిటికీ హ్యాండిల్ రెండు స్క్రూల మీద బతికే వస్తువు. ఆ రెండూ విప్పి, పాతది లాగేసి, కొత్తది పెట్టి బిగిస్తే పని అయిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. అంత తొందరగా తెమిలిన పనికి ఇంట్లో విలువుండదు. ఎవరూ "అబ్బో" అనరు, పక్క ఫ్లాటువాళ్లు వచ్చి చూడరు, బంధువులు ఫోన్లో ఆరా తీయరు. ఈ చిన్న పనికి తగిన హోదా తెచ్చిపెట్టాలనుకునే గృహస్థుల కోసమే ఈ సలహాలు. వరుస తప్పకుండా పాటిస్తే సంక్రాంతికి మొదలుపెట్టింది ఉగాదికి కూడా కొలిక్కి రాదు.

1. ఊగుతున్నప్పుడు ముట్టుకోవద్దు

హ్యాండిల్ ఒక్కసారిగా ఊడి చేతికి రాదు. ముందు కొన్నాళ్లు ఊగుతుంది. ఆ దశలో స్క్రూను ఓ అరచుట్టు బిగిస్తే సర్దుకుంటుంది, కనుక బిగించకండి. ఊగినకొద్దీ రంధ్రాలు పెద్దవవుతాయి, లోపలి కడ్డీ అంచులు అరుగుతాయి. తీరా ఊడొచ్చిన రోజున రెక్కను పాత లాగుబొందుతో గ్రిల్లుకు కట్టేయండి. ముడి విప్పాలంటే గోళ్లు చాలవు, కోయాలంటే మనసొప్పదు. కిటికీ కొన్ని నెలలపాటు గోడగా పనిచేస్తుంది.

2. తప్పంతా హ్యాండిల్‌దేనని తేల్చేయండి

హ్యాండిల్ బిగుసుకుపోతే అసలు రోగం ఎక్కడుందో చెప్పే పరీక్ష ఒకటుంది. రెక్కను బార్లా తెరిచి, అలా తెరిచి ఉండగానే హ్యాండిల్ తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగితే దాని తప్పేమీ లేదు. బందులు వదులై రెక్క కిందికి జారింది, అందుకే లాకు ఫ్రేములోని గూట్లో సరిగ్గా పడటం లేదు. తెరిచినా బిగుతుగానే ఉంటే హ్యాండిల్‌లోనో, లోపలి గేరులోనో లోపం. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, పనిముట్టు అక్కర్లేదు. అలాంటి పరీక్షను ఎవరు నమ్ముతారు?

మీరు రెక్క మూసి, ఒక కాలు గోడకు తన్నిపెట్టి, రెండు చేతులా తిప్పండి. యూపీవీసీ కిటికీలకు వచ్చే హ్యాండిళ్లు ఎక్కువగా అల్యూమినియంతోనో, జింకు మిశ్రమంతోనో పోతపోసినవి. మరీ బలవంతపెడితే టప్పున విరుగుతాయి. కొత్తది బిగించినా జారిన రెక్క జారినట్టే ఉంటుంది గనుక, కొన్నాళ్లకు అదీ విరుగుతుంది. హార్డ్‌వేర్ కొట్టాయన మిమ్మల్ని పేరు పెట్టి పలకరించడం మొదలుపెడతాడు.

3. స్క్రూలు కనబడకపోతే వంటింటి కత్తి తీసుకోండి

యూపీవీసీ హ్యాండిల్ ముందు నిలబడితే స్క్రూలు కనిపించవు. అడుగున ఉన్న పల్చటి మూత వాటిని కప్పేస్తుంది. హ్యాండిల్‌ను అడ్డంగా తిప్పి, మూతను కాస్త పైకెత్తి పక్కకు తిప్పితే రెండు స్క్రూలూ బయటపడతాయి. ఈ సంగతి తెలియనట్టే ఉండండి. కంపెనీవాడు జిగురుతో అంటించాడని ఇంట్లో ప్రకటించి, కూరగాయల కత్తి మొనను మూత కిందికి దూర్చి పైకి లేపండి. మూత పగులుతుంది, కత్తి మొన వంగుతుంది, రెక్క మీద జానెడు గీత పడుతుంది. కిటికీ సమస్య వంటింటికీ విస్తరిస్తుంది.

4. కొట్టుకు ఖాళీ చేతులతో వెళ్లండి

విరిగిన హ్యాండిల్‌ను సంచిలో వేసుకుని వెళ్లేది జ్ఞాపకశక్తి లేనివాళ్లు. మీరు చేతులూపుకుంటూ వెళ్లండి. సంభాషణ ఇలా సాగాలి:

"కిటికీకి హ్యాండిల్ కావాలండీ."

"ఏ మోడలండీ?"

"తెల్లది."

"స్క్రూకీ స్క్రూకీ మధ్య ఎంతుంటది? స్పిండిల్ ఎంత పొడుగు?"

"మామూలుగా ఉంటుందండీ."

"లెఫ్టా, రైటా?"

ఇక్కడ కళ్లు మూసుకుని, కిటికీ ముందు నిలబడ్డట్టు ఊహించుకుని, కొట్లో నలుగురూ చూస్తుండగా కుడిచెయ్యి గాల్లో తిప్పండి. ఆపైన ఎడమచెయ్యి కూడా. చివరికి "రెండూ చెరొకటి ఇచ్చేయండి" అనేయండి. ఆ కిటికీని రోజూ తీసి మూసే ఇల్లాలికి అది ఏ పక్కకు తిరుగుతుందో తెలుసు. ఫోన్ చేసి అడిగారో, పరువు పోతుంది.

చాలా యూపీవీసీ హ్యాండిళ్లలో స్క్రూల మధ్య దూరం 43 మిల్లీమీటర్లు, వెనకాల ఉండే నలుపలకల కడ్డీ, అంటే స్పిండిల్, మందం 7 మిల్లీమీటర్లు. కడ్డీ పొడవు మాత్రం మోడల్‌కో రకం. ఈ మూడు అంకెలూ కాగితమ్ముక్క మీద రాసుకుంటే ఒక్క ట్రిప్పులో పని తేలిపోతుంది. స్కేలును పిల్లల జామెట్రీ బాక్సులోనే భద్రంగా ఉంచండి.

5. పొడుగు ఎక్కువైతే పేపరు మడతపెట్టండి

కడ్డీ పొడుగైతే హ్యాండిల్ రెక్కకు ఆనదు. హాక్సా బ్లేడుతో ఆ కాస్తా కోసేస్తే కూర్చుంటుంది. కోయకుండా, ఆదివారం అనుబంధం మడతపెట్టి ఆ సందులో దోపండి. ఇంకా నప్పకపోతే స్క్రూలు మరింత పొడుగువి వేయండి. అవి వెళ్లి లోపలి గేరుకు తగిలి దాన్ని బిగబట్టేస్తాయి. హ్యాండిల్ పని కాస్తా గేరు పనిగా ప్రమోషన్ పొందుతుంది.

6. చెక్క కిటికీవాళ్లు నిరాశపడవద్దు

పాత టేకు కిటికీకి కూడా అవకాశాలున్నాయి. రంధ్రం వదులై స్క్రూ నిలవకపోతే వడ్రంగులు సన్నటి వెదురు పుల్లో, అగ్గిపుల్లలో ఫెవికాల్‌లో ముంచి ఆ రంధ్రంలో దిగ్గొట్టి, ఆరాక అదే స్క్రూ బిగిస్తారు. ఆరేదాకా ఆగాలి, అదే దీంట్లో కష్టం. మీరు ఆగకండి. అంతకంటే లావు స్క్రూ వేయండి, అదీ వదులైతే ఇంకా లావుది, చివరికి మేకు. చెక్క నిలువునా చీలితే రెక్క మొత్తం మార్చాలని వడ్రంగే చెబుతాడు, ఆ మాట మీరు అనక్కర్లేదు.

7. సముద్రం ఒడ్డున ఉంటే చవకదే కొనండి

విశాఖ బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో ఉప్పుగాలి హ్యాండిల్ కంటే ముందు స్క్రూలను తింటుంది. స్టీలులో 316 రకానికి మాలిబ్డినం కలుపుతారు, అందుకే 304 కంటే ఉప్పును బాగా తట్టుకుంటుంది. ధర కూడా ఎక్కువే. బంగారు రంగు పూసిన ఇనప స్క్రూలు కంటికింపుగా ఉంటాయి, అవే తీసుకోండి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న ఊళ్లోని కిటికీలన్నింటికీ పరీక్ష పెట్టి చాలా కాలమైంది. అలాంటిది మళ్లీ రాదని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు హామీ ఇస్తూనే ఉంటారు.

8. అద్దెకుంటే ఓనర్‌గారితో తేల్చుకోండి

కేంద్రం 2021లో ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూలులో తలుపులు, బీరువాలు, కిటికీల నాబులు, లాకుల మార్పిడిని అద్దెదారు బాధ్యతల్లో వేశారు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతదే చెల్లుబాటు. అంటే ఒప్పంద పత్రం తీసి చదివితే గొడవే ఉండదు, కాబట్టి దాన్ని బీరువాలోంచి తీయకండి. "ఏమండీ, మేం దిగేనాటికే ఊగుతోందండీ" అని మీరు, "ఇన్నేళ్లలో ఎవరూ అనలేదండీ" అని ఆయన, ప్రతి నెలా అద్దె పంపిన రోజున అనుకోండి. హ్యాండిల్ ధరను మించిన విలువైన సమయం దాని మీద మాట్లాడటానికే పోతుంది.

9. బిగించాక సరిచూడవద్దు

పాతది తీసేముందు అది ఏ దిక్కుకు ఉంటే కిటికీ మూసినట్టో చూసుకుని, కొత్తది అదే దిక్కున పెట్టాలి. చూసుకోకపోతే ఒక పావుచుట్టు తేడా వస్తుంది: పైకి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. విప్పి సరైన దిక్కున పెట్టడం రెండు నిమిషాల పని. దాని బదులు ఇంటిల్లిపాదికీ కొత్త పద్ధతి నేర్పండి, వచ్చిన చుట్టాలకూ వివరించండి.

హెచ్చరిక

పైన చెప్పిన సాధనంతా ఒక్క వస్తువు వల్ల వమ్మయ్యే ప్రమాదముంది. అది చేతికందే చోట ఉన్న స్క్రూడ్రైవర్. మీరు కొట్టుకు వెళ్లి కుడీ ఎడమా తేల్చుకుంటుండగా ఇంట్లో ఎవరో ఒకరు దాంతో పని ముగించేయవచ్చు. అందుచేత దాన్ని ముందుగానే పక్క ఫ్లాటువాళ్లకు అరువివ్వండి. మనసులో ఎంత ఉన్నా తిరిగి అడక్కండి.