తేదీ లేని సెలవు చీటీ

పాఠం చెప్పడం తప్ప మిగిలిన పనులన్నీ శ్రద్ధగా చేసే ఉపాధ్యాయుడు ఒకరు చాలా ప్రభుత్వ పాఠశాలల్లో కనిపిస్తారు కనుక, చర్చా సౌలభ్యం కోసం ఆయనను 'బోధనా విరక్తుడు' అనవచ్చు. ఈ విరక్తి బోధన వరకే పరిమితమని, డీఏ, పీఆర్సీ, ఇంక్రిమెంటు వంటి లౌకిక విషయాల్లో ఆయన పూర్తిగా గృహస్థుడేనని ముందుగా గ్రహించాలి.

విరక్తులు రెండు తెగలు. మొదటి తెగవారు బడికి రారు. వీరి ప్రధాన సాధనం సీఎల్, అనగా ఏడాదికి 15 రోజులు వాడుకోదగిన ఆకస్మిక సెలవు. 'స్వంత పని నిమిత్తం' అనే కారణమూ సంతకమూ ఉండి, తేదీ మాత్రం లేని సెలవు చీటీ ఒకటి ప్రధానోపాధ్యాయుల బల్ల సొరుగులో నిద్రిస్తూ ఉంటుంది. మండల విద్యాధికారి జీపు గేటు దగ్గర ఆగితే ఆ చీటీకి తేదీ పుడుతుంది. ఆగకపోతే మర్నాడు విరక్తుడు వచ్చి హాజరు పట్టీలో ఖాళీగా ఉన్న నిన్నటి గడిని కూడా నింపుతాడు, చీటీ మళ్లీ సొరుగు చేరుతుంది. ఈ పద్ధతిలో 15 సెలవులు అక్షయపాత్రలోని అన్నంలా ఎంత తిన్నా తరగవు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన ముఖ గుర్తింపు యాప్ ఈ కళను చాలావరకు దెబ్బతీసింది.

అయితే యాప్ గుర్తించేది ముఖాన్నే కనుక రెండో తెగకు దానివల్ల ఏ బాధా కలగలేదు. వీరు వేళకు వస్తారు, తరగతిలో కూర్చుంటారు, క్లాసు లీడరు చేతికి గైడు ఇచ్చి ప్రశ్నల జవాబులు బోర్డు మీద రాయిస్తారు, మాట్లాడినవారి పేర్లు ఒక మూల వేయమంటారు, ఆపైన ఫోనులో మునుగుతారు. 2003లో దేశవ్యాప్తంగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు పరిశోధకులు చెప్పకుండా వెళ్లి చూసినప్పుడు, ఉపాధ్యాయుల్లో పావు వంతు మంది బడిలో లేరు, సుమారు సగం మందే బోధిస్తూ కనిపించారు. అంటే రెండో తెగ సంఖ్యాబలంలో మొదటి తెగకు ఏమీ తీసిపోదు.

ఖాళీగా ఉన్న ప్రతి తరగతికీ సోమరితనమే కారణమనడం న్యాయం కాదు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ఉపాధ్యాయులను జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు వాడుకోవచ్చని చెబుతోంది, వీటికి తోడు నింపవలసిన యాప్‌లూ ఉన్నాయి. కానీ జనగణన పదేళ్లకోసారి, ఎన్నికలు అప్పుడప్పుడు వస్తే, వాటి పేరుతో చెప్పే సాకు విరక్తుడికి నిత్యం పనికొస్తుంది. వేళకు రావాలని, సిలబస్ గడువులోగా పూర్తి చేయాలని అదే చట్టం 24వ సెక్షను చెప్పిన సంగతి మాత్రం ఆయనకు గుర్తుండదు.

ఇంతకీ విరక్తుడిని పోషిస్తున్నది ఎవరన్నదే అసలు ప్రశ్న. "కాస్త మా ఏడో తరగతి చూస్తూ ఉండండి మాస్టారూ, బ్యాంకు దాకా వెళ్లి ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను" అని ఆయన అడిగినప్పుడు, ఆ ఐదు నిమిషాలు మధ్యాహ్న భోజనం దాటుతాయని తెలిసి కూడా, "దానికేం భాగ్యం సార్" అని తన లీజర్ పీరియడును ధారపోసే పక్క మాస్టారే ఆ పోషకుడు. పోషకుడు రెండు తరగతుల గోల భరిస్తాడు, స్టాఫ్ రూములో విరక్తుడు లేనప్పుడు తిడతాడు, వచ్చాక టీ పోస్తాడు. ఎవరైనా ఫిర్యాదు మాటెత్తితే "మనలో మనకెందుకు సార్" అని సర్దిచెప్పేది కూడా తరచూ ఆయనే.

కనుక చికిత్స పోషకుడితోనే మొదలుకావాలి. మొదట విరక్తుడికి ఏకాంతంలో, మర్యాద తప్పకుండా, కానీ స్పష్టంగా చెప్పాలి. తర్వాత ఐదు నిమిషాలు అడిగిన ప్రతిసారీ "అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరులో రాయించండి సార్, తప్పకుండా చూస్తాను" అనాలి. ఎవరి పీరియడు ఎవరు తీసుకున్నారో రాసే ఆ పుస్తకం ముందు చాలా బ్యాంకు పనులు వాటంతటవే వాయిదా పడతాయి. అప్పటికీ మారకపోతే ప్రధానోపాధ్యాయులకు తేదీ వేసి మరీ కాగితం ఇవ్వాలి. దీనివల్ల స్నేహం కొంత చెడవచ్చు. చెడనివ్వకుండా కాపాడుకుంటే మాత్రం, ఏడో తరగతి పిల్లలు భిన్నాలు రాకుండానే ఎనిమిదిలోకి వెళ్లి బీజగణితం ముందు కూర్చుంటారు.