చివరి కుర్చీ బాబాయి

పెళ్లి హాల్లో ఆయన్ని పట్టుకోవడం చాలా తేలిక. చుట్టాలంతా ముందు వరుస సోఫాల మీద కర్చీఫులు వేసుకుంటుంటే, ఆయన గుమ్మానికి దగ్గరగా, గోడవారగా ఉన్న చివరి కుర్చీ చూసుకుని కూర్చుంటాడు. "అదేంటి బాబాయ్, ముందుకి రండి, పీటల మీదున్నది మీ అన్నగారి మనవరాలే కదా" అని ఎవరైనా చెయ్యి పట్టుకుంటే, "ఇక్కడ గాలి బాగా వస్తోందిరా" అంటాడు. హాలంతా ఏసీ. అయినా ఆయనకు గాలి గుమ్మం దగ్గరే వస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లో ఎక్కడా ఉండడు. వీడియో తిరగేస్తే మాత్రం నాలుగుసార్లు కనిపిస్తాడు, నాలుగుసార్లూ వెనకనుంచే.

వయసు అరవై అయిదు దాటి ఉంటుంది. బ్యాంకులోనో, కరెంటాఫీసులోనో, కాలేజీలోనో చేసి రిటైరై ఉంటాడు. కాలనీకి ఒకరు ఉంటారనుకుంటే పొరపాటు, వీధికి ఇద్దరు తక్కువ కాకుండా ఉంటారు. యాభైకీ అరవైకీ మధ్య ఉన్న మగవాళ్లలో సగం మందికి, ఎనభై దాటినవాళ్లలో 90 శాతం దాకా ప్రోస్టేట్ పెరుగుతుందని వైద్యులు చెబుతారు. ఏ పార్టీ అయినా అసూయపడే మెజారిటీ ఇది. అయినా నేను ఈ పార్టీ వాణ్నేనని బయటికి ఒప్పుకునే సభ్యుడు ఒక్కడూ దొరకడు.

మూత్రసంచి కింద, మూత్రనాళం చుట్టూ కూర్చున్న చిన్న గ్రంథి అది. కుర్రతనంలో ఇరవై గ్రాములుంటుంది. నడివయసు దాటాక మెల్లగా ఒళ్లు చేసి నాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది. సంచి పూర్తిగా ఖాళీ కాదు కాబట్టి గంటకే మళ్లీ నిండినట్టుంటుంది. బాబాయి జీవితచరిత్రంతా ఇంతే. మిగిలిందంతా భూగోళశాస్త్రం.

హైదరాబాదు నుంచి బెజవాడ దారంటే మీకూ నాకూ చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ. బాబాయి మ్యాపు వేరు. ఏ పెట్రోలు బంకులో తలుపుకి గడియ ఉంది, ఎక్కడ నీళ్లు రావు, ఎక్కడ లైటు వెలగదు, ఏ హోటల్లో టీ తాగితే గానీ లోపలికి పోనివ్వరు, అన్నీ కంఠతా వచ్చు. టీ తాగితే అరగంటలో మళ్లీ దిగాలి. అందుకని టీకి డబ్బులిచ్చి, కప్పు టేబుల్ మీదే వదిలేసి, పని కానిచ్చుకుని వచ్చే విద్య కూడా పట్టాడు. ఆర్టీసీ బస్సెక్కితే టికెట్టు కంటే ముందు డ్రైవరుతో చుట్టరికం కలుపుతాడు. "ఏ ఊరు నాయనా మనది?" గుంటూరంటే ఈయన అత్తవారిదీ గుంటూరే. ఖమ్మమంటే మేనత్తని ఇచ్చింది ఖమ్మమే. ఈ చుట్టరికం దేనికో సూర్యాపేట ఇంకా పది కిలోమీటర్లుందనగా తెలుస్తుంది.

రైలైతే ఆయనకు పండగ. స్లీపర్ బోగీలో 71వ నంబరు వస్తే మనం మొహం ముడుచుకుంటాం, రాత్రంతా బాత్రూం తలుపు చప్పుడని. బాబాయి అదే నంబరు రావాలని మొక్కుకుంటాడు, వచ్చినవాళ్ల దగ్గర కాళ్లావేళ్లా పడి మార్చుకుంటాడు. ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడి కథ ఆయన చెప్పగా వినాలి. పనస పండు తిని కడుపుబ్బి, స్టేషన్లో దిగి పని చూసుకుంటుంటే గార్డు ఈల ఊదేశాడట. పాపం ఆయన ఒక చేత చెంబు, ఒక చేత పంచె పట్టుకుని పరుగెత్తి ప్లాట్‌ఫారం మీద పడ్డాడట. 1909లో ఆయన రైల్వేవారికి రాసిన ఫిర్యాదు ఉత్తరం వల్లే మామూలు బోగీల్లోకి మరుగుదొడ్లు వచ్చాయంటారు. "స్వాతంత్ర్యం సంగతి సరే, ఇది తెచ్చినవాడికి విగ్రహం ఏదిరా?" అని బాబాయి ప్రశ్న. 1970లో సులభ్ సంస్థ పెట్టిన బిందేశ్వర్ పాఠక్ అంటే కూడా అంతే గౌరవం. పాఠక్‌గారికి చనిపోయాక 2024లో పద్మవిభూషణ్ ఇచ్చినప్పుడు, "బతికుండగా భారతరత్న ఇవ్వాల్సింది" అని ఒక పూటంతా అలిగాడు.

అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లొచ్చాక నయాగరా ఎలా ఉంది బాబాయ్ అని అడిగితే, "ధార బాగానే ఉంది" అని నిట్టూర్చి ఊరుకున్నాడు. హైవేల మీద రెస్ట్ ఏరియాల గురించి మాత్రం గంటసేపు చెప్పాడు.

రాత్రుళ్లు నాలుగుసార్లు లేస్తాడు. కాలనీలో దొంగతనాలు లేకపోవడం సీసీ కెమెరాల చలవని అసోసియేషన్ సెక్రటరీ నమ్మకం. పడుకున్న కాసేపటికి, ఒంటిగంటన్నరకి, మూడింటికి, నాలుగుంబావుకి బాబాయి బాత్రూంలో లైటు వెలుగుతుంది. రెక్కీకి వచ్చిన ఏ దొంగైనా ఈ ఇంట్లో షిఫ్టుల వారీ కాపలా ఉందనుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు. పిన్నికి మాత్రం ఏ షిఫ్టులోనూ నిద్ర లేదు.

దీనికి ఆయన కనిపెట్టిన వైద్యం నీళ్లు మానేయడం. పడుకోబోయే రెండు గంటల ముందు నీళ్లు తగ్గించమని డాక్టర్లు చెప్పే మాట నిజమే. బాబాయి పొద్దున్నుంచే మొదలుపెట్టాడు. మే నెలలో కూడా గ్లాసు నీళ్లని అనుమానంగా చూస్తాడు. కాఫీ మాత్రం మూడు పూటలా కావాలి, అది నీళ్ల పద్దులో రాయడు. మూత్రాన్ని తొందరపెట్టేది కాఫీయేనని ఎవరైనా అంటే, "డికాక్షన్ అంత చిక్కగా ఉంటే ఇంక నీళ్లెక్కడివి?" అని వాదిస్తాడు. నీళ్లు తగ్గితే మంట, మలబద్ధకం. అవి రెండూ ఉన్న జబ్బుని ఇంకా పెంచుతాయి. మలబద్ధకానికి మళ్లీ చూర్ణం. ఒక జబ్బుకి మూడు డబ్బాలు.

ఇక పార్కు బెంచీ. ఉదయం ఆరున్నరకి అక్కడ చేరే అయిదుగురికీ ఇదే బాధ, కానీ ఎవరికీ లేదు. "మా వియ్యంకుడికండీ, రాత్రి నాలుగైదుసార్లు..." అని ఒకరు మొదలుపెడతారు. "మా ఫ్రెండొకాయనకీ అంతే, మొదలవడానికే అయిదు నిమిషాలు" అని ఇంకొకరు. వియ్యంకులు, స్నేహితులు, బావమరుదుల పేరు మీద ఆ బెంచీ మీద ఎన్ని లక్షణాలు నమోదయ్యాయో లెక్కలేదు. కొత్తవాడెవరైనా వింటే ఆ అయిదుగురూ ఆరోగ్యవంతులనీ, వాళ్లకి దొరికిన చుట్టాలే రోగిష్ఠివాళ్లనీ అనుకుంటాడు.

స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చాక మాత్రం సిగ్గు కాస్త సడలుతుంది. "నాది నలభై అయిదు గ్రాములు." "నాది డెబ్భై!" పెళ్లికి పెట్టిన బంగారం చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. డెబ్భై ఆయన్ని మిగతావాళ్లు కాస్త గౌరవంగా చూస్తారు. నిజానికి బరువుకీ బాధకీ పొత్తు లేదు. ముప్ఫై గ్రాముల వాడు రాత్రంతా తిరుగుతుంటే, ఎనభై గ్రాముల వాడు గురకపెట్టి నిద్రపోవచ్చు. గ్రంథి లోపలికి పెరిగి నాళాన్ని నొక్కిందా లేదా అన్నదే లెక్క.

బెంచీ వైద్యానికి కొదవ లేదు. పల్లేరుకాయల కషాయం, బార్లీ నీళ్లు, వేయించిన గుమ్మడి గింజలు. అమెరికా నుంచి కొడుకు పంపిన సా పామెట్టో అనే మూలిక మాత్రల డబ్బా ఒకటి, రాగానే అయిదుగురూ పంచుకున్నారు. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పత్రికలో దాని మీద ఒక పరీక్ష ఫలితం వచ్చింది. 225 మందిని రెండు జట్లు చేసి ఏడాది పాటు ఒక జట్టుకి అదీ, ఇంకో జట్టుకి ఉత్తుత్తి మాత్రా ఇచ్చి చూస్తే తేడా ఏమీ కనిపించలేదు. ఈ సంగతి నేను చెబితే బాబాయి, "వాళ్లు అమెరికా వాళ్లురా, మన ఒంటి తత్వం వేరు" అన్నాడు. డబ్బా వచ్చింది అమెరికా నుంచేనని గుర్తు చేయబుద్ధి కాలేదు.

ఇలా పదేళ్లయినా నడిచేది. జలుబు చేయబట్టి ఆగింది.

డిసెంబరు చలి. మందుల షాపు కుర్రాడు రెండు మాత్రలు చింపి ఇచ్చాడు. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్, తుమ్ములాపే క్లోర్‌ఫెనిరమిన్ చాలా జలుబు మాత్రల్లో ఉంటాయి. మొదటిది ప్రోస్టేట్ దగ్గర కండరాన్ని బిగిస్తుంది. రెండోది మూత్రసంచి పిండే బలాన్ని తగ్గిస్తుంది. పది గంటలకి ముక్కు దారి తెరుచుకుంది. ఒంటిగంటన్నరకి కింది దారి మూసుకుపోయింది. బాబాయి కుళాయి తిప్పి ఆ చప్పుడు విన్నాడు, వేణ్నీళ్లు పోసుకున్నాడు, ఆంజనేయ దండకం చదివాడు. పొత్తికడుపు గట్టిపడి చెమటలు పట్టాక, మూడింటికి పిన్నిని లేపాడు. ఆవిడ మెలకువగానే ఉంది.

క్యాజువాలిటీలో పైపు వేసింది కోడలి వయసున్న డ్యూటీ డాక్టరు. వేయకముందు, "మగ డాక్టరు లేరామ్మా?" అని రెండుసార్లు అడిగాడు. దాదాపు లీటరు బయటికొచ్చాక ఆ అమ్మాయి నెత్తిన చెయ్యిపెట్టి "దీర్ఘసుమంగళీభవ" అని దీవించాడు. ఆ క్షణంలో ఆయన ఆస్తి రాసిచ్చేవాడే, పిన్ని పక్కనుంది కాబట్టి ఆగాడు.

కొన్ని రోజులు సంచీతో తిరిగి, పైపు తీశాక, అసలు డాక్టరు దగ్గరికి వెళ్లారు. అక్కడా పరీక్షలే. ఆపుకోలేని మనిషిని లీటరు నీళ్లు తాగి, ఆపుకుని, స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చోమంటారు. ఆ బెంచీ మీద కాళ్లు ముడుచుకున్న పెద్దమనుషుల మొహాలు చూడాలి, పరీక్ష ఫలితాలకి కూర్చున్న పిల్లలు కూడా అంత నిష్ఠగా ఉండరు. తర్వాత గరాటులో పోయిస్తారు. యంత్రం గ్రాఫు గీస్తుంది. సెకనుకి 15 మిల్లీలీటర్లు దాటితే బాగున్నట్టు, పదిలోపైతే ఎక్కడో అడ్డు ఉన్నట్టు. బాబాయిది ఎనిమిది. వేలితో చేసే పరీక్ష గురించి ఆయన ఇంతవరకూ ఎక్కడా నోరు విప్పలేదు, నేనూ అడగలేదు.

చివరికి ఒక ప్రశ్నపత్రం. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు మార్కులు, మొత్తం 35. బాబాయికి 24 వచ్చాయి. "ఫస్టు క్లాసే" అని నవ్వబోయాడు. ఇక్కడ మార్కులెక్కువైతే తప్పినట్టనీ, ఇరవై వస్తేనే తీవ్రమనీ డాక్టరు చెప్పాడు. ఆ ఏడూ అయ్యాక మార్కుల్లో కలపని ప్రశ్న ఇంకొకటుంది: ఇకమీదట జీవితమంతా ఇలాగే గడపాల్సివస్తే మీకెలా ఉంటుంది?

"అలవాటైపోయిందండీ" అన్నాడు బాబాయి.

"ఆయనకి అలవాటైంది, రాసుకోండి" అంది పిన్ని పక్క కుర్చీలోంచి. "నాకు కాలేదు. కొండకి వెళ్లి ఆరేళ్లయింది. మా చెల్లెలి కూతురి పెళ్లికి వైజాగు పోలేదు, బస్సు ఎక్కనన్నారు. సినిమాకెళితే సగం కథ ఈయనకి తెలీదు, ఈయనెక్కడికి పోయారోనని తలుపు వైపు చూస్తూ కూర్చునే నాకు మిగతా సగం తెలీదు." డాక్టరు కలం ఆపి ఆవిడ వైపు తిరిగాడు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆవిణ్నే అడిగాడు.

పీఎస్‌ఏ రక్తపరీక్ష ఆరు వారాలు ఆగి చేయించారు. రక్తంలో ఆ ప్రోస్టేట్ ప్రోటీను పెరిగితే క్యాన్సరే కానక్కర్లేదు, వాపున్నా, ఇన్‌ఫెక్షనున్నా, పైపు వేసినా పెరుగుతుంది. ఆ ఆరు వారాలూ పార్కులో ఎవరూ ఆయనతో గ్రాముల మాట ఎత్తలేదు. రిపోర్టు భయపడేట్టు లేదు. రాత్రి భోజనమయ్యాక టామ్సులోసిన్, దాంతో పాటు డ్యుటాస్టరైడ్. మొదటిది కండరాన్ని సడలిస్తుంది, కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. రెండోది గ్రంథిని కుదిస్తుంది, అందుకు ఆరు నెలలైనా పడుతుంది. ఇవి పనిచేయకపోతే నాళంలోంచే వెళ్లి, పైన కోత లేకుండా గ్రంథిని చెక్కేసే ఆపరేషను ఉందని డాక్టరు చెప్పాడు. ప్రస్తుతానికి దాని అవసరం రాలేదు. నాలుగుసార్లు లేచే మనిషి ఒక్కసారే లేస్తున్నాడు.

బాబాయి ఇప్పుడు బెంచీ మీద డాక్టరే. మందులు ఇతరులకి కూడా చెబుతున్నాడని విని పిన్ని కోప్పడింది. నా కోపం వేరు. రెండు మాత్రలతో తీరేదాన్ని ఏళ్ల తరబడి పల్లేరుకాయల వెంట తిప్పి, ఇంటావిడ నిద్ర కూడా పోగొట్టి, దాన్ని ఓర్పు అనుకోవడం మగవాళ్లకే చెల్లింది.

ఇంట్లో అరవై దాటిన మగమనిషి ఉన్నవాళ్లకి ఒక మనవి. జలుబు మాత్ర కొనేముందు ప్రోస్టేట్ బాధ ఉందని షాపులో చెప్పమనండి, ఆయనకి సిగ్గయితే మీరే వెళ్లి చెప్పి కొనండి. టామ్సులోసిన్ వాడుతుంటే శుక్లాల ఆపరేషనుకి ముందే కంటి డాక్టరుకి ఆ సంగతి చెప్పాలి, కనుపాప మీద ఆ మందు ప్రభావం ఉంటుంది. పడక మీంచి గభాల్న లేవనివ్వకండి, కళ్లు తిరుగుతాయి. మూత్రంలో రక్తం కనిపించినా, పూర్తిగా ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు గదిలోకి మాత్రం పిన్నిగారు కూడా వెళ్లాలి.