తెల్లవారితే గురువారం

మా చెల్లెలి పెళ్లికి శుభలేఖలు నేనే తయారుచేశాను, కాగితంతో సహా. ఈ మాట మా బంధువుల్లో ఎవరింట్లో ఎత్తినా ఒకరిద్దరు నవ్వాపుకోలేక లేచి లోపలికి వెళ్తారు. నాన్న మాత్రం నవ్వరు. ఆ గురువారం మధ్యాహ్నం తెనాలిలో కల్యాణమండపం గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు చేతులు జోడించింది ఆయనే గదా.

నేనుండేది బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో, దొడ్డతోగూరు పక్క. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్, ఆర్.కె. బాళిగా పూనికతో, కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల్లో 332 ఎకరాలు తీసుకుని ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల కోసం వేసిన పేట ఇది. ఇప్పుడు నీలాద్రి రోడ్డులో సాయంత్రం నడిస్తే సగం మాటలు తెలుగే వినిపిస్తాయి. ఈ పేటలో ఉద్యోగం చేసేవాళ్లకు ఒక జబ్బుంది. కంప్యూటరు మాట వింటోంది గనక లోకంలో తక్కిన పనులన్నీ ఓ శనాదివారాలు కూర్చుంటే వచ్చేస్తాయనుకుంటాం. మా అపార్ట్‌మెంట్లో ఒకాయన బాల్కనీలో సబ్బులు వండాడు. ఇంకొకాయన వీడియోలు చూసి టేకు బీరువా చేశాడు, దాని తలుపు ఇంతవరకూ పడలేదు. వాళ్లను చూసి నవ్వుకున్నవాణ్ణి నేను.

సంబంధం కుదిరాక నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, అక్కడ సుల్తాన్‌పేటలో కార్డులు బావుంటాయట, చూడు. నచ్చకపోతే మన ప్రెస్సాయన ఉండనే ఉన్నాడు" అన్నారు. ఎలక్ట్రానిక్ సిటీకి పసుపు లైను మెట్రో 2025 ఆగస్టులోగానీ రాలేదు. అప్పట్లో 356 నంబరు బస్సెక్కి, సిల్క్ బోర్డు దగ్గర ఓ కునుకు తీసి లేచినా ఇంకా సిల్క్ బోర్డు దగ్గరే ఉండి, కె.ఆర్. మార్కెట్లో దిగి నడిచాను. సుల్తాన్‌పేట, చిక్‌పేట సందుల్లో పెళ్లికార్డుల దుకాణాలు వరసగా ఉంటాయి. హైదరాబాదుకు ఛత్తాబజారు ఎలాగో బెంగళూరుకు ఇవి అలాగ. దుకాణం కుర్రాడు ఆల్బమ్ మీద ఆల్బమ్ తెరిచాడు. మఖమల్ అట్టలు, బంగారు రేకు వినాయకుళ్లు, లేజరుతో కోసిన పల్లకీలు, జరీ కుచ్చులు. అయిదారు వందల కార్డులు తీసుకుంటే ధర తగ్గిస్తానన్నాడు. నాకు ఏదీ ఆనలేదు. అందరి ఇళ్లలో ఉండేదే మనింట్లోనూ ఉంటే ఇక మనమెందుకు అనుకున్నాను. ఆ ప్రశ్న ఆ రోజు ఎంతో గొప్పగా తోచింది.

బస్సు తిరిగి ఇంటికి చేరేలోపల కార్డు నా బుర్రలో సిద్ధం. చేత్తో చేసిన తెల్లటి కాగితం, అంచులు కోయకుండా చిరుగుచిరుగుగా, మధ్యలో నాలుగు వరసలు నల్ల అక్షరాలు, చుట్టూ ఖాళీ. కాగితంలో బంతి విత్తనాలు. పెళ్లయ్యాక అతిథులు కార్డును కుండీలో పాతితే బంతిపూలు పూస్తాయి. చెల్లెలికి చెబితే "అన్నయ్యా, నిజంగానా!" అని మురిసింది. దాని తప్పేమీ లేదు, పెళ్లికూతురు ఆ నెల్లో దేనికైనా మురుస్తుంది.

చేతికాగితం నిజంగా ఎలా చేస్తారో తర్వాత తెలుసుకున్నాను. జైపూరు దగ్గర సాంగానేర్‌లో కాగజీ కుటుంబాలు తరతరాలుగా ఆ పనిలో ఉన్నాయి. కుమారప్ప పేరుతో జాతీయ చేతికాగితం సంస్థ ఉన్నదీ అక్కడే. బనియన్ల పరిశ్రమలో మిగిలే నూలుగుడ్డ పీలికలు తెచ్చి, యంత్రంలో గంటల తరబడి చితక్కొట్టి గుజ్జు చేస్తారు. జాలీ బిగించిన చట్రంతో ఆ గుజ్జును నీళ్లలోంచి పైకి తేల్చి, గుడ్డ మీద బోర్లించి, పేర్చి, ప్రెస్సులో నీళ్లు పిండి, ఆరబెడతారు. అన్నిటికన్నా ముఖ్యం సైజింగ్: జిగురో గంజో జెలటినో పట్టిస్తే తప్ప కాగితం సిరాను నిలవనివ్వదు. నేను చేసిందేమిటంటే, ఆఫీసులో ప్రింటర్ పక్కన పడేసిన కాగితాలు సంచినిండా తెచ్చి, నానబెట్టి, మా ఆవిడ మిక్సీలో వేశాను. ఆ మిక్సీ మళ్లీ చట్నీకి పనికిరాలేదు. అచ్చయిన కాగితాల మసివల్ల గుజ్జు తెల్లగా రాకుండా బూడిద రంగులో వచ్చింది. అదే అందం అనుకున్నాను. మనిషి తన చేత్తో చేసినదాన్ని చూసే చూపు అలాంటిది.

ముహూర్తం శ్రావణంలో. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గనక తీరిగ్గా చేసుకోవచ్చనుకున్నాను. ఆషాఢంలో బెంగళూరులో ఎండ కూడా ఉండదని లెక్కలోకి రాలేదు. రోజూ సన్నటి తుంపర. కాగితాలు ఆరక, తడితడిగానే ఒకదానిమీదొకటి పేర్చి పైన బరువు పెట్టాను. ఓ వారం పోయాక కట్ట విప్పితే లోపల బంతి మొలకలు, అంగుళం పొడుగున, వెలుతురు లేక పాలిపోయి. శుభలేఖలు పెళ్లికి ముందే పండాయి! మా ఆవిడ వాటిని చూసి ఏమీ అనలేదు. అనివుంటే బాగుండేదేమో. నేను విత్తనాలు మాత్రం మాని కాగితం కొనసాగించాను.

ఇక అక్షరాలు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా అందరికీ ఇచ్చిన తెలుగు ఫాంట్లకు కవుల పేర్లున్నాయి: పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి. పెళ్లి తెనాలిలో గనక 'తెనాలి రామకృష్ణ' ఎంచుకున్నాను. వికటకవి పేరు పెట్టుకున్న ఫాంటుతో శుభలేఖ కూర్చేటప్పుడైనా కాస్త జంకు పుట్టాల్సింది. నేను వాడిన డిజైన్ సాఫ్ట్‌వేర్లో భారతీయ లిపులకోసం అమరిక ఒకటి మార్చాలి. మార్చకపోతే వత్తులు, గుణింతాలు విడిపోతాయి. నేను మార్చలేదు. నమూనా వాట్సాప్‌లో పంపితే అమ్మ ఫోన్ చేసింది. "లక్ష్మి ఏవిట్రా లక్‌ష్‌మి అయింది? శ్రీ కూడా విరిగింది. శుభమా అని శ్రీ విరక్కూడదురా." అది సరిచేశాను. సాఫ్ట్‌వేర్ తప్పు గనక సరిచేయడం నాకు నామోషీ అనిపించలేదు. తక్కిన తప్పులు నావి గనక ఎవరు చెప్పినా వినలేదు.

ఇంతకీ అసలు బుద్ధితక్కువ పని ఇక్కడ మొదలైంది. నాన్న రాసి పంపిన శుభలేఖ పాఠం నిండా పేజీన్నర ఉంది. పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, ఇలవేల్పు పేరు, సంవత్సరం, అయనం, తిథి, నక్షత్రం, తాతముత్తాతల పేర్లు, ఎవరికి ఎన్నో పుత్రికో, కింద ఆహ్వానించువారు, ఇంకా కింద 'బంధుమిత్రుల అభినందనలతో', అందులో మేనమామలు, బాబాయిలు, మేనత్తలు, వాళ్ల ఊళ్లు. నా ఖాళీకి ఇదంతా అడ్డం. మొదట అయనం తీసేశాను. తర్వాత తాతలు పోయారు. తర్వాత మేనమామలు. చివరికి పెళ్లికూతురు, పెళ్లికొడుకు, మండపం, ముహూర్తం మిగిలాయి.

ఆ ముహూర్తం వరసా పొడుగే. పురోహితుడుగారు రాసిచ్చింది: బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం 2 గంటల 34 నిమిషాలకు, మిథున లగ్నం. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. అర్ధరాత్రి పన్నెండుకు మారేది ఇంగ్లీషు తేదీ. రెండు లెక్కలూ తెలిసిన పెద్దవాళ్లు గందరగోళం లేకుండా కూర్చిన మాట 'తెల్లవారితే'. బుధవారం రాత్రి భోజనానికి రండి, తాళి కట్టేసరికి తేదీ మారుతుంది అని దానర్థం. నేను ఆఫీసులో సర్వర్ లాగులు చూసే మనిషిని, నాకు రోజు 00:00కు పుడుతుంది. ఆ వరసంతా కొట్టేసి 'గురువారం 02:34' అని పెట్టాను. ఎంత శుభ్రంగా ఉందో అని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను కూడా.

సింగసంద్ర వైపు ఒక చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపుంది. ఆయనది చిత్తూరు జిల్లా, పెద్దవయసు. నా కాగితాలు వెలుతురుకెత్తి చూసి, "ఇదేం కాగితం సామీ, ఒకొక్కటి ఒకొక్క మందం ఉండాది" అన్నాడు. యంత్రంలో పోదుగానీ స్క్రీన్ మీద చేత్తో లాగితే పడుతుందన్నాడు. "శుభకార్యం గదా, ఎరుపులో ఏసిస్తా." వద్దండీ, నలుపే అన్నాను. అచ్చయ్యే పాఠం చదివి స్క్వీజీ పక్కన పెట్టాడు. "రెండూ ముప్పై నాలుగంటే పగలా, రేయా? తెల్లారితే అని పెట్టలేదే?" ఇరవైనాలుగు గంటల లెక్కండీ, అందరికీ తెలుసు అన్నాను. "మీ ఇష్టం సామీ" అని అచ్చేశాడు. ఆ మాట అన్న తీరు ఇప్పుడు గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

చిరునామాలు చేత్తో రాద్దామని రాజమండ్రి రత్నం పెన్ను తీశాను, గాంధీగారు 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన పెన్ను అదే. పెన్ను ఉత్తమం, నా కవరుకే సైజింగ్ లేదు. రాసిన ప్రతి అక్షరం నీళ్లలో వేసిన సగ్గుబియ్యంలా ఉబ్బింది. పసుపూ అంతే. నాలుగు మూలలా పూయబోతే కాగితం పీల్చేసుకుని ముహూర్తం దాకా పాకింది. దాంతో పసుపు మానేశాను. అమ్మకు చెప్పలేదు. మొదటి శుభలేఖ తిరుమల వేంకటేశ్వరస్వామికి పోస్టు చేశాం, దేవస్థానం నుంచి అక్షింతలు, పసుపు కుంకుమ వచ్చాయి. ఏ ఫిర్యాదూ చేయకుండా ఆ కార్డును అందుకున్నది ఆయనొక్కడే.

ఇప్పుడు మీరే ఆలోచించండి. బూడిదరంగు కవరు, పసుపు లేదు, లోపల తెల్లదో కాదో తెలియని కాగితం మీద నల్ల అక్షరాలు, కొద్ది పేర్లు, ఒక తేదీ. మన జిల్లాల్లో అలాంటి కార్డు దేనికొస్తుంది? మా పెద్దత్త సగం బయటికి లాగి చూసి, పెద్దకర్మ కార్డు ఇంట్లో ఉంచకూడదు గనక చదవకుండానే చింపి అవతల పడేసి, తలస్నానం చేసి, అప్పుడు అమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది, "ఎవరే పోయింది, ముందుగా కబురైనా చెప్పలేదే" అని. మా మేనమామ నాకే చేశాడు. "ఏరా అల్లుడూ, అందరూ బాగున్నారా? కవరు చూస్తే గుండె ఆగినంత పనైంది." పెళ్లి మావయ్యా అన్నాను. కాసేపు కాగితం చప్పుడు వినిపించింది. "సరే, పెళ్లేగా. నా పేరేదిరా?" జాగా చాల్లేదు మావయ్యా అన్నాను. అంత ఖాళీ చేతిలో పట్టుకున్న మనిషితో! "పిల్లను బుట్టలో ఎత్తుకుని పీటల మీదికి తీసుకొచ్చేది నేను, కార్డులో చోటు లేనిదీ నాకేనా" అని పెట్టేశాడు. పెళ్లికి వచ్చాడు, బుట్టా ఎత్తాడు. నాతో మాట్లాడింది మాత్రం కార్తీకంలో.

బుధవారం రాత్రి భోజనాలకు మండపం సగమే నిండింది. దగ్గరివాళ్లకు ఫోన్లలో చెప్పుకున్నాం గనక వచ్చారు. మా ఎలక్ట్రానిక్ సిటీ మిత్రులు మాత్రం 02:34ను సరిగ్గా చదివారు. కార్లలో రాత్రి ఒంటిగంటన్నరకు దిగి, భోజనాలెటువైపు అని అడిగారు. అప్పటికి వంటవాళ్లు గుండిగలు కడుగుతున్నారు. మిగిలిన పులిహోర, లడ్డూలు పెట్టాం.

గురువారం ఉదయానికి అప్పగింతలయ్యాయి, చెల్లెలు అత్తవారింటికి వెళ్లిపోయింది. పందిరివాళ్లు గుడ్డలు విప్పుతున్నారు. పన్నెండు దాటాక ఒక్కొక్కరే రావడం మొదలైంది. నాన్నతో ఉద్యోగం చేసి రిటైరైన మాస్టర్లు, గుంటూరు నుంచి, బాపట్ల నుంచి, పట్టుచీరల్లో భార్యలు, చేతుల్లో చదివింపుల కవర్లు. రెండూ ముప్పై నాలుగంటే మధ్యాహ్నమే గదా అనుకున్నారు, ఇంకెలా అనుకుంటారు? నాన్న పంచె మార్చుకోనైనా లేదు. గుమ్మంలోకి వెళ్లి ఒక్కొక్కరికీ చేతులు జోడించి, "ముహూర్తం రాత్రే అయిపోయింది, పొరపాటు మాది" అని చెబుతూనే ఉన్నారు. 'మావాడిది' అనలేదు. హోటలు నుంచి భోజనాలు తెప్పించి, తానే వడ్డించారు. ఒక మాస్టారు నన్ను పిలిచి, చేతిలోని కార్డు చూపించి, "ఇది నువ్వే చేశావటగా బాబూ, కాగితం బాగుంది" అన్నారు. ఆ పెళ్లిలో నాకొచ్చిన మెప్పు అదొక్కటే, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మొన్న మా బాబాయి కూతురి పెళ్లికి తెనాలి ప్రెస్సాయనే కార్డు వేశాడు. పసుపు అట్ట, ఎర్ర అక్షరాలు, బంగారు వినాయకుడు, పేజీన్నర పాఠం, అందులో మావయ్య పేరు రెండుచోట్ల. ప్రూఫు చూడమని నాకు పంపారు. 'తెల్లవారితే' ఉందో లేదో చూసి, బాగుంది అని జవాబిచ్చాను.

మా అటక మీద చేతికాగితం ఇంకా రెండు అట్టపెట్టెలుంది. పిల్లల బొమ్మలకో, పొట్లాలకో కావలసినవాళ్లు దొడ్డతోగూరు వచ్చి తీసుకెళ్లవచ్చు, డబ్బేమీ అక్కర్లేదు. విత్తనాలున్న కట్ట వేరుగా కట్టి పెట్టాను.