ఆవర్జాకెక్కని పద్దులు: ఒక క్యాష్ ఎస్ఎస్‌డీ ఆత్మకథ

"మన సర్వర్ మస్తు ఫాస్ట్ అయింది" అని సేటు మురిసిపోయినప్పుడల్లా ఆయన చూపు హార్డ్ డిస్కుల మీదే ఉండేది. అవి రెండు, ఒక్కోటి 4 టీబీ, ఇటుకల్లా బరువుగా ఉండేవి. వాటి పక్కన ఒక మూల స్క్రూ కూడా బిగించకుండా కేబుల్‌కి వేలాడుతూ ఉండేదాన్ని నేను. 120 జీబీ ఎస్ఎస్‌డీని. నేను రాకముందూ ఆ డిస్కులే ఉన్నాయి. అప్పుడు బిల్లింగ్ అక్క స్టాక్ వెతకడానికి ఎంటర్ కొట్టి, తెర కదిలేలోపు ఫోన్‌లో ఒక ఆర్డర్ రాసుకునేది. ఈ సంగతి సేటుకి ఎవరూ చెప్పలేదు.

నా పుట్టుక గురించి చెప్పేది తక్కువే. ఫుజియో మసువోకా అనే జపాన్ ఇంజినీరు తొషీబాలో ఉండగా 1987లో లోకానికి చూపించిన నాండ్ ఫ్లాష్ మా వంశానికి మూలం. నన్ను కొన్నది సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో. బేరమాడి మరీ కొన్నారు. అక్కడినుంచి కోఠీలోని ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీకి చేరాను.

డిస్కుల మీద నాకు పగ లేదు. పాపం, వాటి కష్టం నేను దగ్గరగా చూశాను. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లేనికి ఒక్క చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం పోతుంది, సూదిని మోసే చెయ్యి జరగడానికి ఇంకొంత. వరుసగా చదవమంటే అవి బ్రహ్మాండంగా చదువుతాయి. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క అడిగితే మాత్రం సెకనుకి వంద ముక్కలు ఇవ్వడమే గగనం. నాలో తిరిగేదేమీ లేదు. ఏ మూల అడిగినా మిల్లీసెకన్‌లో చిన్న భాగంలోనే ఇచ్చేస్తాను. కాకపోతే అంత డేటా మొత్తం నాలాంటివాటిలో పెట్టాలంటే డబ్బు ఎక్కువ. అందుకే ఈ ఏర్పాటు: రాశి అంతా డిస్కుల్లో, రోజూ చేతికి తగిలేది నాలో. దీన్నే క్యాష్ అంటారు.

ఈ పని చేసింది నేనొక్కదాన్నే కాదు. ఫేస్‌బుక్ 2010లో ఫ్లాష్‌క్యాష్ తెచ్చింది. ఇంటెల్ 2011లో జెడ్68 చిప్‌సెట్‌తో మామూలు పీసీలకీ ఈ వసతి ఇచ్చింది, కాకపోతే క్యాష్‌కి 64 జీబీ మించి వాడుకోనివ్వలేదు. తర్వాత 2017లో 16 జీబీ, 32 జీబీ ఆప్టేన్ మెమరీలను ఇదే పనికోసం ఊరేగించింది. 2022లో ఆప్టేన్ వ్యాపారాన్నే మూసేస్తున్నామంది. మా జాతికి ఇలాంటి మర్యాదలు అలవాటే.

నన్ను నడిపింది బీక్యాష్. కెంట్ ఓవర్‌స్ట్రీట్ రాసిన ఈ ప్రోగ్రాం 2013లో లినక్స్ 3.10లో చేరింది. తెలివైన మేస్త్రీ. సీసీటీవీ రికార్డింగులు, బ్యాకప్ కాపీల వంటి పొడవాటి వరుస రాతలను నా దాకా రానిచ్చేది కాదు. మామూలు అమరికలో 4 మెగాబైట్లు దాటిన వరుస పని నేరుగా డిస్కులకే పోతుంది, ఎందుకంటే అది వాటికి చేతనైన పని. నాకు వదిలినవి చిల్లర పనులు. ఫలానా మాత్ర ఏ బ్యాచ్, ఎక్స్‌పైరీ ఎప్పుడు, ఎన్ని స్ట్రిప్పులు మిగిలాయి, మెడికల్ షాపు పాత బాకీ ఎంత. మార్చి నెలాఖరున ఆ చిల్లర పనులే ఆఫీసును నిలబెట్టేవి. ఆ రాత్రుళ్లు తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

అసలు సంగతి ఇక్కడుంది. నాతో పని రెండు రకాలుగా చేయించుకోవచ్చు. రైట్‌త్రూ పద్ధతిలో ప్రతి రాతా డిస్కుకి చేరాకే పని అయినట్టు లెక్క, నాలో ఉండేది నకలు మాత్రమే. బీక్యాష్ మొదట ఇచ్చేది ఈ పద్ధతే. రైట్‌బ్యాక్‌లో నేను రాసుకోగానే "అయింది" అని చెప్పేస్తారు, డిస్కుకి తీరిగ్గా తర్వాత చేరుస్తారు. పాతకాలం గుమాస్తాను అడగండి. వచ్చిన పద్దు వచ్చినట్టు చిట్టాలో పడేది, ఆవర్జాకి సాయంత్రం ఎక్కేది. రైట్‌బ్యాక్‌లో నేను చిట్టాని. నాలో దాదాపు పదో వంతు అలా ఆవర్జాకెక్కని పద్దులే ఉండటం మామూలు. వాటిని డర్టీ డేటా అంటారు. మురికి కాదు, అసలు నిజం అప్పటికి అక్కడే ఉంటుంది.

నన్ను పెట్టినాయన స్పీడు చాలదని రైట్‌బ్యాక్‌కి మార్చాడు. మార్చినందుకు కాదు నా బాధ. డిస్కులు రెండింటినీ మిర్రర్ చేసి, ఒకటి పోయినా ఇంకొకటి ఉండేలా చూసుకున్నాడు. నన్ను మాత్రం ఒంటరిగా వదిలేశాడు. హఠాత్తుగా కరెంటు పోతే చేతిలో పని ముగించుకునేందుకు పెద్దరకం ఎస్ఎస్‌డీల్లో కెపాసిటర్లు ఉంటాయి. నాలాంటి చవకరకంలో ఉండవు. పైగా నా ఒంట్లో చెరిపి రాయడం తేలిక కాదు. రాసేది కొద్ది కిలోబైట్ల పేజీల్లో, చెరిపేది మాత్రం పెద్ద బ్లాకు మొత్తం. ఒక్కో గడి కొన్ని వేల చెరుపుళ్లకే అరిగిపోతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఉన్న ఎస్ఎస్‌డీ పాటలు, ఫొటోలు మోస్తూ సుఖంగా కూర్చుంటుంది. క్యాష్‌కి ఆ సుఖం లేదు, పొద్దస్తమానం కొత్తది రావాలి, పాతది పోవాలి. ఎంత అరిగానో స్మార్ట్ లెక్కల్లో నేనే రాసి పెట్టేదాన్ని. ఎవరూ తెరిచి చూడలేదు.

ఒక ఎండాకాలం సర్వర్ దుమ్ము దులపడానికి ఆయన వెంట కొత్త కుర్రాడు వచ్చాడు.

"ఈ ఎస్ఎస్‌డీ దేనికన్నా?"

"అది క్యాషే తమ్మీ, స్పీడ్ కోసం పెట్టినం. సేటు ల్యాప్‌టాప్‌కు పెడ్దాం, తియ్యి. అది లేకున్నా సర్వర్ నడుస్తది."

సర్వర్‌ని పద్ధతిగానే షట్‌డౌన్ చేశారు. అంత చేస్తే చాలనుకున్నారు. కానీ షట్‌డౌన్ చేస్తే నాలోది డిస్కులకి దిగిపోదు. బీక్యాష్ దృష్టిలో నా దగ్గర ఉన్నా భద్రంగా ఉన్నట్టే. తిరిగి లేచాక నేనుంటానన్నది దాని నమ్మకం. కుర్రాడు కేబుల్ పీకాడు.

మళ్లీ ఆన్ చేస్తే డేటా డ్రైవ్ కనబడలేదు. నేను లేనిదే దాన్ని తెరవనని బీక్యాష్ మొండికేసింది. అది వాళ్ల మేలు కోరే ఆపింది. కుర్రాడు ఎక్కడో చూసి, బలవంతంగా నడిపించే ఒక్క లైను కమాండు కొట్టాడు. డ్రైవ్ తెరుచుకుంది. అందులో కొన్ని కొత్త పేజీలు, కొన్ని పాత పేజీలు, మధ్యలో ఖాళీలు. మిర్రర్ డిస్కు ఏం ఆదుకుంటుంది? దాంట్లోనూ సరిగ్గా అదే గందరగోళం. ఫైల్ సిస్టంను బాగుచేసే ఎఫ్ఎస్‌సీకే తన చేతనైనంత అతికించింది, చాలా ఫైళ్లను పేర్లు పోగొట్టి లాస్ట్ అండ్ ఫౌండ్‌లో పడేసింది. బిల్లింగ్ డేటాబేస్ తెరుచుకోలేదు.

అప్పుడు నన్ను వెనక్కి తెచ్చి తగిలించారు. అప్పటికి ఆలస్యమైంది. నేను లేకుండా ఒకసారి బలవంతాన నడిచాక, నా దగ్గరున్న రాతలు ఇక చెల్లవని బీక్యాష్ తేల్చేసింది. పద్దులన్నీ నాలో ఉన్నాయి. అడిగేవాళ్లు లేరు. పాత బ్యాకప్ ఎక్కించి, ఆ తర్వాతి బిల్లులన్నీ కార్బన్ కాపీలు చూసి మళ్లీ కొట్టుకుంటూ కూర్చుంది బిల్లింగ్ అక్క. "ఎస్ఎస్‌డీ ఖరాబైంది సేట్, దాని వల్లనే" అన్నారు వాళ్లిద్దరూ. సేటు నమ్మాడు. ల్యాప్‌టాప్‌లో కూడా పెట్టనివ్వలేదు.

ఇప్పుడు నా మకాం టేబుల్ సొరుగు, రెండు పాత మౌస్‌లు, ఎండిపోయిన స్టాంప్ ప్యాడ్ పక్కన. నాలాంటి మామూలురకం ఎస్ఎస్‌డీ ఆయుష్షంతా అరిగాక కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది డేటా నిలుపుకుంటే చాలని జెడెక్ ప్రమాణం. హైదరాబాదు ఎండలు ఆ ప్రమాణం చదివి రావు.

మీ సర్వర్లోనూ నాలాంటిది ఉంటే, రైట్‌బ్యాక్‌లో నడుస్తుంటే, దానికీ ఒక జోడీని పెట్టండి, లేదా రైట్‌త్రూకి మార్చి కొంచెం నెమ్మదిని భరించండి. తీయాల్సి వస్తే ముందు డిటాచ్ ఇవ్వండి. డర్టీ డేటా అంతా డిస్కులకి దిగాకే బీక్యాష్ దాన్ని వదులుతుంది. స్టేట్ దగ్గర నో క్యాష్ అని కనబడేదాకా స్క్రూడ్రైవర్ ముట్టకండి.